దారి తెలిసిన యంత్రములు: పెద్ద సమాచార జాలమును ఏరియాలుగా విభజించుట ఎందుకు?

మామిడి కాలమున చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యము మార్కెట్టుకు పోయి చూడుడు. చుట్టుప్రక్కల పల్లెలనుండి తోతాపురి కాయలు నింపుకొని వచ్చిన ట్రాక్టర్లు బారులు తీరి యుండును. వానిలో ఒక డ్రైవరును పిలిచి, “తోటనుండి ఇక్కడికి ఏ దారిన వచ్చితివి?” అని అడిగినచో, అతడు ప్రతి మలుపును, ప్రతి వంకను, ప్రతి గుంతను వర్ణించి చెప్పగలడు. అతనినే చెన్నపట్టణములోని ఒక చిన్న వీధికి దారి అడుగుడు. “ముందు చిత్తూరుకు పోవాల. ఆడికి పోయినాక అడిగితే వాళ్లే చెప్తారు” అని సమాధానము వచ్చును.

ఇది అజ్ఞానము కాదు. దగ్గరి దారులను పూర్తిగా తెలిసికొనుట, దూరపు దారులను గూర్చి “ఎటు వైపు” అనునంత మాత్రము తెలిసికొనుట అనునది మిక్కిలి తెలివైన పొదుపు. లోకములోని కంప్యూటర్లను కలుపు సమాచార జాలములు పెరుగగా పెరుగగా, వానిని నడుపు యంత్రములకు గూడ ఈ పొదుపునే నేర్పవలసి వచ్చినది. ఆ నేర్పిన పద్ధతులలో ముఖ్యమైన దానిని గూర్చియు, అట్లు కట్టిన జాలము చెడినపుడు దోషమును వెదకు విధమును గూర్చియు ఈ వ్యాసములో తెలిసికొందము.

రూటరు చేయు పని

ఒక కంప్యూటరునుండి మరియొక దానికి పోవు సమాచారము ఒకే ప్రవాహముగా పోదు. అది చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోవును. ప్రతి ప్యాకెట్టు మీద, జాబు మీద వలెనే, చేరవలసిన చిరునామా ఉండును. దారిలో రెండు మూడు తీగెలు కలియు చోటులందు ఒక యంత్రము కూర్చుండి, వచ్చిన ప్రతి ప్యాకెట్టు చిరునామాను చూచి, దానిని ఏ తీగె మీదికి పంపవలెనో నిర్ణయించును. ఈ యంత్రమే రూటరు. నిర్ణయించుటకు దానియొద్ద ఒక పట్టిక ఉండును. “ఇట్టి చిరునామాలకు ఈ తీగె” అని ఆ పట్టికలో వరుసగా వ్రాసి యుండును.

ఈ పట్టికను ఎవరు వ్రాయుదురు? రూటర్లు నాలుగైదే యున్నచో మనిషియే వ్రాయవచ్చును. వందలున్నచో సాధ్యము కాదు. అంతేకాక, ఒక తీగె తెగిన మరుక్షణమున పట్టికలన్నియు మారవలెను. కావున రూటర్లు తమలో తాము మాటలాడుకొని పట్టికలను వ్రాసికొను ఏర్పాటు కావలెను. ఆ మాటలకు గల కట్టుబాటునే రూటింగు ప్రోటోకాలు అందురు.

వదంతియా, పటమా?

ఇట్టి కట్టుబాట్లు రెండు తెగలు. మొదటి తెగలో ప్రతి రూటరు తన పొరుగువానితో, “ఫలానా ఊరు నాకు ఇంత దూరము” అని చెప్పును. పొరుగువాడు దానికి ఒకటి కలిపి తన పొరుగువానికి చెప్పును. ఇది విన్న మాటను నమ్మి నడచుట. రిప్ అను ప్రోటోకాలు ఈ తెగకు చెందినది. ఇందులో ఒక చిక్కు కలదు. దారి తెగినపుడు, పాత వార్తను పట్టుకొని యున్న పొరుగువాడు “నా వైపునుండి దారి కలదు” అనును. ఆ దారి మరల తన గుండానే పోవునని తెలియక మొదటివాడు నమ్మును. ఇద్దరును ఒకరి మాటను ఒకరు నమ్మి దూరమును ఒక్కొక్కటిగా పెంచుకొనుచు పోవుదురు. అందుచేతనే రిప్‌లో 16 అను సంఖ్యను అనంతముగా నిర్ణయించిరి. 15 అంగలకు మించిన దారి అందులో పనికిరాదు.

రెండవ తెగ రూటర్లు వదంతులను మోయవు. ప్రతి రూటరు తాను కన్నులార చూచిన దానిని మాత్రమే చాటును: “నేను ఫలానావాడను. నాకు ఈ ముగ్గురు పొరుగువారు కలరు. ఒక్కొక్కరికి పోవు వ్యయము ఇంత.” ఈ చాటింపునకు లింకు స్థితి ప్రకటన అని పేరు. దీనిని విన్న ప్రతి రూటరు ఒక అక్షరమైనను మార్చక ఇతరులకు అందించును. నీటి వెల్లువ వలె ఇది జాలమంతటను వ్యాపించును. ఇట్లు అందరి ప్రకటనలు అందరికిని చేరిన పిమ్మట, ప్రతి రూటరు వానిని జతపరచి జాలముయొక్క పూర్తి పటమును గీసికొని, తన చోటునుండి దగ్గరి దారులను తానే లెక్కకట్టుకొనును. ఓ.ఎస్.పి.ఎఫ్. ఈ తెగకు చెందినది. ఈ పొడి అక్షరములు “ఓపెన్ షార్టెస్ట్ పాత్ ఫస్ట్” అను పేరునకు సంక్షేపము. ఇందలి ‘ఓపెన్’ అను మాటకు ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదనియు, ఎవరైనను చదివి యంత్రములను చేసికొనవచ్చుననియు భావము.

డైక్‌స్ట్రా లెక్క

పటము చేతనున్నప్పుడు దగ్గరి దారిని కనుగొను ఉపాయమును హాలెండు దేశపు గణితజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆలోచించి 1959లో ప్రకటించెను. ఆంస్టర్‌డాంలో ఒక కాఫీ హోటలు ముంగిట కూర్చుండి, కాగితము కలము లేకయే, సుమారు ఇరువది నిమిషములలో దీనిని ఊహించితినని ఆయన తరువాత చెప్పుకొనెను. ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని నల్లబల్ల మీద చేయవచ్చును.

నాలుగు ఊళ్లలో నాలుగు రూటర్లు ఉన్నవని ఊహింతము: చిత్తూరు, బంగారుపాళ్యము, పలమనేరు, పుంగనూరు. చిత్తూరు–బంగారుపాళ్యము, బంగారుపాళ్యము–పలమనేరు, పలమనేరు–పుంగనూరు తీగెలు మూడును సెకనుకు 1 కోటి బిట్లను మోయగలవనుకొందము. చిత్తూరు–పుంగనూరు తీగె 20 లక్షల బిట్లనే మోయగలదు. ఓ.ఎస్.పి.ఎఫ్.లో వ్యయమును నిర్ణయించుటకు వాడుకలోనున్న సూత్రము, 10 కోట్లను తీగెయొక్క మోత శక్తిచే భాగించుట. కావున మొదటి మూడింటి వ్యయము 10 చొప్పున, నాలుగవదాని వ్యయము 50 అగును. వేగము తక్కువయినకొలది వ్యయము ఎక్కువ.

ఇప్పుడు బంగారుపాళ్యము రూటరు లెక్క వేయుచున్నది. దాని కెదురుగా కనబడు ఊళ్లు రెండు: చిత్తూరు 10, పలమనేరు 10. అన్నిటికంటె తక్కువైన దానిని తీసికొని ఖాయము చేయవలెను. రెండును సమానమే గనుక చిత్తూరును ఖాయము చేసెను. చిత్తూరు గుండా పుంగనూరునకు 10 + 50 = 60 అని తాత్కాలికముగా వ్రాసికొనెను. తరువాత పలమనేరును ఖాయము చేసెను. పలమనేరు గుండా పుంగనూరునకు 10 + 10 = 20. ఇది 60 కంటె తక్కువ గనుక పాత అంకెను కొట్టివేసి 20 వ్రాసెను. చివరకు పుంగనూరు 20గా ఖాయమైనది. లెక్క ముగిసినది.

మొగిలి కనుమలో బంగారుపాళ్యము–పలమనేరు తీగె తెగినదనుకొందము. రెండు కొసలయందలి రూటర్లు వెంటనే క్రొత్త ప్రకటనలను చాటును. అందరును పటమును దిద్దుకొని మరల లెక్క వేయుదురు. ఇప్పుడు బంగారుపాళ్యమునుండి చిత్తూరు 10, పుంగనూరు 60, పలమనేరు చుట్టుదారిన 10 + 50 + 10 = 70. దారి దూరమైనది గాని మూతపడలేదు. పటము గల రూటరునకు ఇదియే లాభము.

ఒక చరిత్రాత్మకమైన చిక్కు

పటము పద్ధతికి గూడ ఒక ప్రమాదము కలదు. అందరి ప్రకటనలు అందరికిని పోవును గనుక, ఒక చోటి తప్పు అన్ని చోట్లకు పాకును. అమెరికాలోని ఆర్పానెట్ అను జాలము 1969లో పుట్టినది. 1979లో అది పటము పద్ధతికి మారినది. 1980 అక్టోబరు 27వ తేదీన ఆ జాలము యావత్తు కొన్ని గంటలసేపు స్తంభించిపోయినది.

కారణము చిత్రమైనది. ఏ ప్రకటన క్రొత్తదో తెలియుటకు ప్రతిదాని మీద 0 నుండి 63 వరకు గల ఒక వరుస సంఖ్య ఉండెడిది. 63 తరువాత మరల 0 వచ్చును. గడియారపు ముఖము మీద వలె, సగము చుట్టు లోపల ముందున్న సంఖ్య క్రొత్తదని నియమము. ఒక యంత్రముయొక్క జ్ఞాపక భాగములో కొన్ని బిట్లు జారిపోవుటచే, దాని ప్రకటన ఒక్కటే 44, 40, 8 అను మూడు సంఖ్యలతో బయలుదేరినది. 40 కంటె 44 క్రొత్తది. 8 కంటె 40 క్రొత్తది. కాని 44నుండి చుట్టు తిరిగి 8కి పోవుటకు 28 అడుగులే గనుక, 44 కంటె 8 క్రొత్తది! మూడును ఒకదానిని ఒకటి తరుముచు, ఎన్నటికిని ఆగక, ప్రతి యంత్రమును ముంచివైచినవి.

ఇట్టి అనుభవములు వృథా పోలేదు. ఇంటర్నెట్ ప్రమాణములను రూపొందించు సంఘమునందు జాన్ మోయ్ ప్రభృతులు ఓ.ఎస్.పి.ఎఫ్.ను తయారుచేసి, 1989లో మొదటి రూపమును, 1991లో రెండవ రూపమును ప్రకటించిరి. నేడు ప్రమాణముగా నున్న రెండవ రూపపు గ్రంథము, ఆర్.ఎఫ్.సి. 2328, 1998 ఏప్రిల్ నాటిది. ఇందులో వరుస సంఖ్య 32 బిట్లు గలది; అది చుట్టు తిరుగదు, ఒక కొసనుండి మరియొక కొసకు పెరుగుచు పోవును. ప్రతి ప్రకటనకు తప్పు పట్టు సరిచూపు సంఖ్య ఒకటి, వయస్సు ఒకటి కలవు. 3,600 సెకనులు నిండిన ప్రకటన చచ్చినట్లే లెక్క. బ్రతికియున్న రూటరు తన ప్రకటనను అరగంట కొకసారి క్రొత్తదిగా చాటవలెను.

ఏరియాలుగా విభజించుట

తప్పు సంగతి యట్లుంచి, నిజమైన వార్తలే ఎక్కువైనచో ఏమగును? వేయి రూటర్లు గల జాలములో ఎక్కడో ఒక పల్లెలో తీగె గాలికి ఊగి, నిమిషమున కొకమారు తెగుచు అతుకుచు ఉన్నదనుకొనుడు. ప్రతి మారును వేయి రూటర్లు పటమును దిద్దుకొని లెక్క వేయవలెను. రూటర్ల సంఖ్య రెట్టింపైనచో లెక్క రెట్టింపు కంటె ఎక్కువగును. పల్లెలోని తీగె కొరకు రాష్ట్రమంతయు ఉలికిపడుట న్యాయమా?

ఇచ్చటనే మన ట్రాక్టరు డ్రైవరు తెలివి అక్కరకు వచ్చును. ఓ.ఎస్.పి.ఎఫ్.లో జాలమును ఏరియాలుగా పంచుదురు. ఒక ఏరియాలోని రూటర్లకు ఆ ఏరియా పటము మాత్రమే పూర్తిగా తెలియును. అన్నిటి నడుమ 0 అను సంఖ్య గల ఏరియా ఒకటి ఉండును. దీనిని వెన్నెముక ఏరియా అందురు. వెన్నెముకకును ఇతర ఏరియాకును నడుమ, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలిచిన రూటరునకు సరిహద్దు రూటరని పేరు. అది తన ఏరియా పటమును బయటకు పంపదు, సారాంశమును మాత్రమే పంపును: “ఈ చిరునామాలు నా గుండా పోవును, వ్యయము ఇంత.” లోపల ఏ తీగె ఎట్లున్నదో బయటివారికి అక్కరలేదు.

పిన్ కోడును తలచుకొనుడు. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ దీనిని ప్రవేశపెట్టినది. చిత్తూరు ప్రాంతపు కోడులు 517తో మొదలగును. ఢిల్లీలో జాబులను వేరుచేయు ఉద్యోగి ఆ మూడంకెలను చూచి ఇటు పంపును. మిగిలిన మూడంకెల పని ఇచ్చటివారిది. బంగారుపాళ్యములో ఒక వీధి పేరు మారినంత మాత్రమున ఢిల్లీకి వర్తమానము పంపము గదా!

ఈ లాభము చిరునామాలను క్రమముగా పంచినప్పుడే కలుగును. ఒక జిల్లాకు 10.5తో మొదలగు చిరునామాలన్నింటిని కేటాయించితిమనుకొందము. అవి మొత్తము 65,536. వానిని 256 చొప్పున పంచినచో 256 కార్యాలయములకు ఒక్కొక్క కట్ట వచ్చును. అపుడు సరిహద్దు రూటరు 256 పంక్తులకు మారుగా “10.5తో మొదలగునవి అన్నియు నావి” అని ఒక్క పంక్తితో సరిపెట్టవచ్చును. చిరునామాలను చిత్తము వచ్చినట్లు చల్లినచో ఎంతటి గొప్ప యంత్రములను కొన్నను ఈ పొదుపు దక్కదు. కావున జాలము నిర్మించువాడు మొదట గీయవలసినది తీగెల పటము కాదు, చిరునామాల పట్టిక.

మన రాష్ట్రమునకు ఈ యంతస్తుల నిర్మాణము క్రొత్త కాదు. 2005 మార్చిలో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన స్వాన్ అను రాష్ట్రవ్యాప్త జాల పథకము రాష్ట్ర రాజధాని, జిల్లా కేంద్రము, బ్లాకు కేంద్రము అను మూడు మెట్లతో, సెకనుకు కనీసము 20 లక్షల బిట్ల వేగముతో రూపొందినది. మనకు బ్లాకు స్థానమున 1985లో ఏర్పడిన మండలములు కలవు. తరువాత 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబరు గ్రిడ్‌ను ప్రారంభించిరి. దాని గాజు తంతుల తీగెలను చాలవరకు భూమిలో పాతక కరెంటు స్తంభముల మీద లాగిరి. ఖర్చు తగ్గినది, కాని గాలికి, లారీ తగులుటకు, కొమ్మ విరిగిపడుటకు తీగె లోబడినది. స్తంభముల మీది తీగె ఎప్పుడో ఒకప్పుడు తెగక మానదు. కావున తెగినప్పుడు ఎంత మేరకు అలజడి కలుగవలెను అనునది నిర్మాత ముందే తేల్చుకొనవలసిన ప్రశ్న. మూడు మెట్ల జాలమునకు ఏరియాలు సహజముగా అమరును: రాజధాని–జిల్లాల నడుమ వెన్నెముక, ఒక్కొక్క జిల్లా ఒక్కొక్క ఏరియా.

నిర్మాణమున పాటింపవలసినవి

మొదటి నియమము: ప్రతి ఏరియా వెన్నెమును తాకవలెను, ఏరియానుండి ఏరియాకు పోవు దారులన్నియు వెన్నెముక గుండానే పోవలెను. ఇది ఎందుకన, ఏరియాల నడుమ పోవునది పటము కాదు, సారాంశము. సారాంశమనగా విన్న మాటయే. విన్న మాటను ఇష్టము వచ్చిన దారుల త్రిప్పినచో, రిప్‌లో చెప్పుకొన్న సుడిగుండము మరల పుట్టును. అందరును నడుమనున్న ఒక్క చోటికి చెప్పి, అచ్చటనుండియే వినినచో సుడి కలుగదు. వెన్నెమును తాకజాలని ఏరియా ఉన్నచో, మధ్య ఏరియా గుండా ఊహా లింకును ఏర్పరచు ఉపాయము కలదు గాని, అది విరిగిన కాలికి కట్టిన బద్ద వంటిది; నిజమైన తీగె వచ్చువరకే వాడదగినది.

రెండవది: వెన్నెముక ఒక్క తీగె తెగినంతనే రెండు ముక్కలు కారాదు. ఏరియాకు సరిహద్దు రూటర్లు కనీసము రెండుండుట మంచిది. ఆ రెండిటి తీగెలు ఒకే స్తంభముల వరుస మీద పోయినచో అవి లెక్కకు రెండు, నిజమునకు ఒకటే.

మూడవది: బయటకు ఒకే దారి గల కొస ఏరియాకు లోకములోని దారులన్నియు చెప్పుట వ్యర్థము. “మా ఏరియా కానివన్నియు ఇటు” అను ఒక్క పంక్తి చాలును. ఇట్టి దానిని స్టబ్ ఏరియా అందురు. చిన్న రూటర్లతో నడచు మారుమూల కార్యాలయములకు ఇది మిక్కిలి అనుకూలము.

నాలుగవది: ఒకే గదిలో పది రూటర్లు ఒకే తీగెను పంచుకొన్నచో, ప్రతి జంటయు పటములను సరిచూచుకొనుటకు 45 స్నేహములు కావలెను. అందుకు మారుగా వారు ఒక పెద్దను, ఒక ఉపపెద్దను ఎన్నుకొని, ఆ ఇద్దరితోనే సరిచూచుకొందురు. అపుడు 17 స్నేహములు చాలును. ఈ రెండు సంఖ్యలు ఎట్లు వచ్చినవో విద్యార్థులు ఆలోచింతురు గాక.

ఐదవది: పైన చెప్పిన 10 కోట్ల సూత్రము ప్రకారము సెకనుకు 10 కోట్ల బిట్ల తీగెకును, 100 కోట్ల బిట్ల తీగెకును వ్యయము 1 యే అగును, 1 కంటె తక్కువ వ్యయము లేదు. నేటి వేగములకు పై సంఖ్యను పెంచవలెను. పెంచినచో అన్ని రూటర్లయందును ఒకే రీతిగా పెంచవలెను.

దోషమును వెదకు క్రమము

కొన్నేండ్ల క్రిందట మామిడి కాలమున ఒక కార్యాలయమువారు, జాలము పనిచేయుట లేదని నన్ను పిలిచిరి. పాత రూటరును తీసి క్రొత్తది పెట్టిన నాటినుండి చిక్కు మొదలైనదట. రెండు దినములు స్తంభములెక్కి తీగె పొడవునా చూచిరి. తీగె బాగున్నది. కాయలమ్మిన రైతుల ఖాతాల లెక్క పైకి పోక నిలిచిపోయినది. చీటీ చేతబట్టుకొని అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చూచి, “ఏం సారూ, తీగె బాగుండాదంటారు, దుడ్లు మాత్రం రాలేదంటారు. రెండిట్లో ఏది నిజం?” అని అడిగెను. రెండును నిజమే. ఆ రెంటికిని నడుమనున్నదానిని ఎవరును చూడలేదు.

వెదకుట క్రిందినుండి పైకి, దగ్గరనుండి దూరమునకు పోవలెను. మొదట అడుగవలసినది: చిక్కు ఒక్క కంప్యూటరునకా, కార్యాలయమునకా, జిల్లాకా? తరువాత కరెంటు, తీగె, దీపములు. తరువాత పింగ్ అను పరీక్ష. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ వ్రాసిన ఈ చిన్న ప్రోగ్రాము “ఉన్నావా?” అని అడుగును, అవతలి యంత్రము “ఉన్నాను” అని పలుకును. మొదట మన రూటరును, పిదప పొరుగు రూటరును, పిదప సరిహద్దు రూటరును, చివరకు గమ్యమును పలుకరింపవలెను. ఎచ్చట పలుకు ఆగునో దోషము అచ్చటనో, దాని ముందటి అంగలోనో ఉండును. పోవు దారి ఎంత అవసరమో తిరిగివచ్చు దారియు అంతే అవసరము. ప్రశ్న చేరియు, జవాబునకు దారి లేనిచో మనకు వినబడునది మౌనమే.

పొరుగు రూటరు పలికి, దానికి ఆవలివి పలుకనిచో, ఓ.ఎస్.పి.ఎఫ్. స్నేహమును చూడవలెను. పొరుగు రూటర్లు సాధారణముగా 10 సెకనుల కొకసారి హలో సందేశములు పంపుకొనును. 40 సెకనులు హలో వినబడనిచో పొరుగువాడు పోయినట్లే. స్నేహము కుదురుటకు ఇద్దరి ఏరియా సంఖ్య, హలో కాలము, మృతి కాలము, స్టబ్ గుర్తు, రహస్యపు మాట ఒక్కటే కావలెను. పంచుకొన్న తీగె మీద చిరునామా పరిధియు ఒక్కటే కావలెను. ఇద్దరి పేరు సంఖ్యలు మాత్రము వేరు వేరుగా ఉండవలెను. ఒకే పేరు గల ఇద్దరు చాటినచో అందరి పటములును తారుమారగును.

స్నేహమునకు మెట్లు కలవు: హలో విని తన పేరు అందులో లేనిచో ‘ఇనిట్’, ఒకరి పేరు ఒకరు విన్నచో ‘టూ వే’, పటమును సరిచూచుట మొదలుపెట్టునప్పుడు ‘ఎక్స్‌స్టార్ట్’, ‘ఎక్స్‌ఛేంజి’, లోటు పూరించుకొనునప్పుడు ‘లోడింగు’, సంపూర్ణమైనచో ‘ఫుల్’. ఏ మెట్టు మీద ఆగినదో దానినిబట్టి రోగము తెలియును. ఇనిట్‌లో ఆగినచో మన మాట వారికి చేరుట లేదు. ఎక్స్‌స్టార్ట్‌లో ఆగినచో సాధారణముగా ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణము ఇరువైపుల వేరుగా ఉండును.

ఆ కార్యాలయములో జరిగినది ఇదియే. పాత పొరుగు రూటరునందు గరిష్ఠ పరిమాణము 1400 అక్షరములు. క్రొత్త దానిలో 1500. హలో సందేశములు చిన్నవి గనుక పోయినవి. పింగ్ చిన్నది గనుక పలికినది. కాని పటము సరిచూచు సందేశములో పంపువాడు తన గరిష్ఠ పరిమాణమును వ్రాయును. అది తనకంటె పెద్దదైనచో వినువాడు ఆ సందేశమును త్రోసివేయును. ఇట్లు స్నేహము మధ్య మెట్టు మీదనే నిలిచిపోయినది. ఒక సంఖ్యను మార్చగా నిమిషములో పట్టిక నిండినది. పెద్దాయన చీటీ పని ఆ మధ్యాహ్నమే ముగిసినది. పైమెట్టు పరీక్షకు తావీయక రెండు దినములు స్తంభముల మీదనే వెదకుట వలన కలిగిన నష్టమది.

ఏరియాలు గల జాలమున మరియొక మోసము కలదు. సరిహద్దు రూటరు “10.5తో మొదలగునవన్నియు నావి” అని చెప్పుచుండగా, వానిలో ఒక కార్యాలయపు తీగె తెగినను బయటివారికి తెలియదు. వారు ప్యాకెట్లను పంపుచునే యుందురు. అవి సరిహద్దు వరకు వచ్చి మాయమగును. ఇది సారాంశమునకు మనము చెల్లించు మూల్యము. కావున బయటి పట్టికలో దారి కనబడినంత మాత్రమున గమ్యము క్షేమమని తలపరాదు. సరిహద్దు దాటి లోపలి పటమును చూడవలెను. అయితే ఇదే విభజన వెదకువానికి మేలు గూడ చేయును: సరిహద్దు రూటరు వరకు మంచిదైనచో, దోషము ఆ ఒక్క ఏరియాలోనే యున్నది, రాష్ట్రమంతయు గాలింప పనిలేదు.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని యంత్రములు లేకయే చూపవచ్చును. పన్నెండుగురు విద్యార్థులను వృత్తముగా నిలిపి, కొందరి నడుమ దారములు కట్టి, ప్రతి దారమునకు ఒక వ్యయమును వ్రాయుడు. ప్రతివాడును తన దారములను చీటీ మీద వ్రాసి, నకళ్లు చేసి అందరికిని పంపవలెను. ఒక దారమును త్రెంపి, ఎన్ని చీటీలు చేతులు మారినవో లెక్కింపుడు. పిదప వారిని నలుగురు చొప్పున మూడు గుంపులుగా చేసి, నడిమి గుంపును వెన్నెముకగా ఉంచి, సరిహద్దు విద్యార్థులు సారాంశము మాత్రమే పంపునట్లు చేయుడు. ఒక చివరి గుంపులో దారమును త్రెంపి మరల లెక్కింపుడు. రెండు లెక్కల భేదము పాఠమంతటిని చెప్పును.

అందరికిని అన్నియు తెలియవలెనను ఆశ చిన్న జాలమున శోభించును. పెద్ద జాలమున ఎవరికి ఎంత తెలియవలెనో ముందే నిర్ణయించుట అవసరము. అట్లు నిర్ణయించినవాడు తీగె తెగుటను ఆపలేడు. కాని ఒక స్తంభము మీది దోషము ఒక ఏరియాను దాటకుండ ఆపగలడు. అది చెడినపుడు ఎచ్చటనుండి వెదకవలెనో గూడ ఆ విభజనయే చెప్పును. అరుగు మీద చీటీ పట్టుకొని కూర్చున్నవానికి త్వరగా జవాబు చెప్పగలుగుటయే ఈ శాస్త్రమునకు ప్రయోజనము.